ఓడ వస్తే ఊరికి ఏం మిగులుతుంది?

మియాపూర్ మావయ్య:
రెండేళ్ల కిందట ఇక్కణ్ణుంచి రైల్లో చెన్నై వెళ్లి, క్రూయిజ్ (విహార ఓడ) ఎక్కి శ్రీలంక చూసొచ్చాం. ట్రింకోమలీలో ఓడ పొద్దున ఆగి సాయంత్రం కదిలింది. దిగేముందే బఫేలో పీకలదాకా లాగించాం. కోనేశ్వరం గుడికి ఆటో, ఒక పూజ పళ్లెం, నాలుగు కొబ్బరి బొండాలు. అంతే, మళ్లీ జేబులో చెయ్యి పెట్టలేదు. భోజనానికి కూడా ఓడకే పరిగెత్తాం, డబ్బు ముందే కట్టేశాం కదా! విశాఖలో ఇలాంటి ఓడల కోసం దాదాపు 96 కోట్లతో టెర్మినల్ కట్టి 2023లో ప్రారంభించారు. ఊరి దశ తిరుగుతుందంటే నాకు నమ్మకం లేదు.

క్యాబ్ అంజి, ఉప్పల్:
అన్నా, నువ్వు హోటల్లో తినకపోతే ఆటో కిరాయి చెల్లకుండా పోయిందా? మా బావమరిది విశాఖలో ఆటో తోలుతాడు. ఓడ వచ్చిన రోజు కైలాసగిరి, సింహాచలం తిప్పితే రెండు రోజుల సంపాదన ఒక్క పూటలో చేతికొచ్చిందట. కాకపోతే మళ్లీ ఓడ ఎప్పుడొస్తుందో వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

పద్దుల పంతులు:
అలాస్కాలో జూనో అనే ఊరుంది. జనాభా 32 వేలు. 2023 సీజన్‌లో ఓడల మీద 16 లక్షల మందికి పైగా దిగారు. రోడ్ల నిండా బస్సులు, తలల మీద హెలికాప్టర్ల మోత. 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలే అని కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. సరే, శనివారాలు ఓడలే వద్దని అదే ఏడాది అక్టోబరులో ఓటింగ్ పెడితే మాత్రం ఊరివాళ్లే ఓడించారు. ఓడల మీద విసుక్కున్న చేత్తోనే ఆ నిషేధం వద్దని ఓటేశారు. దుకాణం మూతపడితే తినేదేంటి మరి?

భద్రాచలం ఆడపడుచు, ఎల్బీనగర్:
అంత దూరం ఎందుకు మాస్టారూ, మన పాపికొండలు చూడండి. టిఫినూ భోజనమూ బోటులోనే. పేరంటపల్లి దగ్గర కాసేపు ఆపుతారు, గుడి చూసి జనం దిగినంత వేగంగా ఎక్కేస్తారు. ఒడ్డున కొండరెడ్ల ఆడవాళ్లు వెదురు బొమ్మలు పరుచుకుని కూర్చుంటారు. పోయినసారి మా పక్క సీటావిడ వెదురు పూలగుత్తి దగ్గర పది రూపాయల కోసం బేరమాడి, బోటెక్కాక చిప్స్ ప్యాకెట్‌కి అడిగినంతా ఇచ్చింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు బోటు ప్రమాదం తర్వాత చాలాకాలం బోట్లు ఆగాయి కదా, ఆ కాస్త అమ్మకం కూడా పోయింది. అందుకే బోట్లు వద్దని నేననను. రాత్రి ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్లు ఎక్కువైతే బొంగు చికెన్ వండేవాళ్లకైనా నాలుగు డబ్బులు వస్తాయి.

మియాపూర్ మావయ్య:
అమ్మా, నా మాటే నువ్వు చెప్పావు. పడుకునేదీ తినేదీ ఓడలోనే అయితే ఊరికి చెత్తా ట్రాఫిక్కూ మిగులుతాయి. గ్రీసులో 2025 జులై నుంచి సాంతోరినీలో దిగే క్రూయిజ్ ప్రయాణికుడి మీద సీజన్‌లో 20 యూరోల పన్ను వేస్తున్నారు. విశాఖలోనూ మనిషికి ఇంతని వసూలు చేసి కార్పొరేషన్‌కి ఇవ్వాలి.

క్యాబ్ అంజి, ఉప్పల్:
వచ్చే ఓడే అరకొర. ఇప్పుడే పన్నేస్తే అదీ కొచ్చికి పోతుంది. సాంతోరినీకి జనం ఎగబడుతున్నారు కాబట్టి చెల్లింది అన్నా.

పద్దుల పంతులు:
అంజీ, ఓడలు నిండాక పన్నేద్దామంటే అప్పుడు కంపెనీ మాట వింటుందా? టెర్మినల్ కొత్తగా ఉన్నప్పుడే పెట్టాలి, యాభై రూపాయలైనా సరే.

క్యాబ్ అంజి, ఉప్పల్:
యాభై అయితే ఓకే. కానీ అందులోంచి ఆటో స్టాండుకి ఒక షెడ్డు వేయించాలి. మా వాడు గేటు బయట ఎండలోనే నిలబడ్డాడు.