ఈ-సిగరెట్ పాడ్‌లో మాడు వాసన, 18650 బ్యాటరీ సెల్ ఎంపిక: అనుభవజ్ఞుల సలహా కావాలి

లీసెస్టర్ వాసి:
నమస్కారం. పదిహేడేళ్లు సిగరెట్లు కాల్చిన తరువాత, రెండేళ్ల క్రితం ఒకసారి వాడి పారేసే వేప్‌లకు (ఈ-సిగరెట్లకు) మారాను. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించడంతో, ఛార్జింగ్ చేసుకుని, పాడ్ అనే చిన్న గుళికలో లిక్విడ్ నింపుకునే పరికరం కొన్నాను. మూడో రోజుకే మాడు వాసన మొదలైంది. సెల్ విడిగా మార్చుకునే పెద్ద పరికరం కొనాలన్న ఆలోచన కూడా ఉంది. 9,900 ఎంఏహెచ్ (ఛార్జ్ నిల్వ సామర్థ్యం) అని ముద్రించిన 18650 సెల్ ఒకటి ఆన్‌లైన్‌లో చాలా చవకగా దొరుకుతోంది. దానిని తీసుకోవచ్చా? సంక్రాంతికి విజయవాడ వెళ్తున్నాను, పరికరాన్ని వెంట తీసుకువెళ్లవచ్చో లేదో కూడా దయచేసి తెలియజేయండి.

నాలుగేళ్ల అనుభవం:
కొత్త పాడ్‌లో లిక్విడ్ నింపిన వెంటనే పీల్చారేమో గుర్తు చేసుకోండి. కాయిల్ (లిక్విడ్‌ను ఆవిరి చేసే తీగ చుట్ట) చుట్టూ ఉన్న దూది పూర్తిగా తడవక ముందే తీగ వేడెక్కితే ఆ దూది మాడిపోతుంది, ఒకసారి మాడిన దూదికి పాత రుచి మళ్లీ రాదు కనుక పాడ్ మార్చడం తప్ప దారి లేదు. ఇకపై నింపిన తరువాత కనీసం పది నిమిషాలు ఆగండి. ఇక్కడి నిబంధనల ప్రకారం పాడ్‌లో 2 మిల్లీలీటర్లకు మించి పట్టదు, అందువల్ల అది తొందరగా అడుగంటుతుంది. పావు వంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపడం నాకు అలవాటైంది. వరుసగా దమ్ము మీద దమ్ము లాగకుండా మధ్యలో కొద్దిసేపు విరామం ఇవ్వాలి. లిక్విడ్ చిక్కదనం కూడా ముఖ్యమే. వెజిటబుల్ గ్లిజరిన్ 70 శాతం ఉన్న చిక్కటి ద్రవం చిన్న పాడ్‌లోని సన్నని రంధ్రాల గుండా వేగంగా దిగదు, కాబట్టి గ్లిజరిన్, పలుచటి ప్రొపిలీన్ గ్లైకాల్ సగం సగం పాళ్లలో ఉన్నది ఎంచుకోండి. బాగా తియ్యగా ఉండే రుచులలోని తీపి పదార్థం కాయిల్ మీద నల్లటి పెచ్చులా పేరుకుంటుంది. వాటిని మానేశాక నా కాయిల్ వారం బదులు పదిహేను రోజులు వస్తోంది.

విద్యుత్ ఇంజనీరు, బర్మింగ్‌హామ్:
ఆ 9,900 సెల్‌ను దయచేసి కొనవద్దు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న తయారీదారులు ఆ కొలతలో ఇమడ్చగలుగుతున్నది సాధారణంగా 2,500 నుంచి 3,500 వరకే. పైన ముద్రించిన అంకెలోనే అబద్ధం ఉన్నప్పుడు లోపల ఏముందో నమ్మలేము. అయినా మీరు చూడవలసినది ఎంఏహెచ్ కాదు, ఆ సెల్ నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు సురక్షితంగా ఇవ్వగలదన్నది. నిండా ఛార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. సర్క్యూట్ నియంత్రణ లేని పరికరంలో 0.5 ఓమ్ కాయిల్ పెడితే 8.4 ఆంపియర్లు ప్రవహిస్తాయి, అదే 0.15 ఓమ్ పెడితే 28 అవుతాయి, ఇది 20 ఆంపియర్ల సెల్‌కు ప్రమాదకరమైన భారం. వాట్లు నిర్ణయించుకునే పరికరాలలో లెక్క వేరు: ఛార్జ్ తగ్గేకొద్దీ అదే శక్తి కోసం సెల్ మరింత కరెంటు ఇవ్వవలసి వస్తుంది. 60 వాట్ల దగ్గర, 3.2 వోల్టులకు పడిపోయిన ఒకే సెల్ దాదాపు 19 ఆంపియర్లు ఇస్తోందన్నమాట. నిజానికి ఎల్‌జీ, శాంసంగ్ వంటి తయారీదారులే తమ విడి సెల్స్‌ను వేప్‌లలో వాడవద్దని హెచ్చరించారు. కొత్తగా మొదలుపెట్టిన వారికి బ్యాటరీ లోపలే అమర్చి ఉన్న పరికరమే మేలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

కార్డిఫ్ అక్క:
ఇంజనీరు గారి మాటకు నా అనుభవం జోడిస్తాను. మా తమ్ముడు విడి సెల్‌ను ఇంటి తాళాలతో పాటు కోటు జేబులో వేసుకున్నాడు, కొద్దిసేపటికే జేబు చురుక్కుమంది. సెల్ అడుగుభాగమే కాదు, ప్లాస్టిక్ తొడుగు కింద ఉన్న ఒళ్లంతా రుణధ్రువమే, కనుక తొడుగు చిరిగిన చోట తాళంచెవి పడి పైనున్న ధనధ్రువానికి ఆనితే షార్ట్ అవుతుంది. వాడు వెంటనే తీసి విసిరేశాడు కాబట్టి తొడ మీద బొబ్బతో బయటపడ్డాడు. విడి సెల్‌ను ప్లాస్టిక్ డబ్బాలో తప్ప ఎక్కడా పెట్టకండి, తొడుగు గీరుకుపోతే దానిని వాడకండి, రాత్రి ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి. ఇంట్లో పిల్లలుంటే నికోటిన్ ద్రవం సీసాను తాళం వేసి ఉంచండి, అది మింగితే విషం.

హైదరాబాద్ నుంచి:
పరికరాన్ని విజయవాడకు తీసుకురావద్దండీ. 2019లో వచ్చిన చట్టం ప్రకారం భారతదేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషిద్ధం. దిగుమతికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సెలవులలో మళ్లీ సిగరెట్ ముట్టుకోకుండా ఉండాలంటే, ఇక్కడి మందుల షాపులలో నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. వచ్చే ముందే మీ వైద్యుణ్ని అడిగి రండి.

లీసెస్టర్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. కొత్త పాడ్ వేసి, లిక్విడ్ నింపి, పది నిమిషాలు ఆగి వాడాను, మాడు వాసన లేదు. చవక సెల్ ఆలోచన మానుకున్నాను. పరికరాన్ని నెల రోజులు ఇంట్లోనే వదిలి వెళ్లాలంటే పూర్తిగా ఛార్జ్ చేసి ఉంచాలా?

విద్యుత్ ఇంజనీరు, బర్మింగ్‌హామ్:
అవసరం లేదు. లిథియం బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి ఎక్కువ కాలం ఉంచినా, పూర్తిగా ఖాళీగా వదిలేసినా దాని ఆయుష్షు తగ్గుతుంది. దాదాపు సగం ఛార్జ్‌తో, పాడ్ తీసేసి, ఎండ తగలని చల్లని చోట ఉంచండి. పాడ్ ఆనే చోట ఉన్న లోహపు బిందువులకు అంటిన ద్రవాన్ని ముందుగా పొడి దూదితో తుడవండి.