డయాబెటిక్ ఎలుకల రెటీనాలో డోపమైన్ తగ్గింది, గాబా పెరిగింది: జబ్బు వల్లా, డిసెక్షన్ వల్లా?

ఫార్మకాలజీ_స్కాలర్:
సీనియర్లకు నమస్తే. మోడల్ ఇది: మగ విస్టార్ ఎలుకలు, స్ట్రెప్టోజోటోసిన్ (డయాబెటిస్ తెప్పించే మందు) కిలోకి 60 మిల్లీగ్రాముల చొప్పున ఒకే డోసు, ఇంట్రాపెరిటోనియల్ (పొట్ట కుహరంలోకి). 72 గంటలకు గ్లూకోజ్ 250 దాటినవాటినే గ్రూపులోకి తీసుకున్నాం. 8 వారాల తర్వాత కెటమిన్-జైలజిన్ మత్తు ఇచ్చి, రెటీనా, స్ట్రయేటం (డోపమైన్ ఎక్కువగా ఉండే మెదడు భాగం) తీసి హెచ్‌పీఎల్‌సీ (రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతి) చేశాం. డోపమైన్‌కు, అది విరిగితే వచ్చే డోపాక్‌కు ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్. గ్లూటమేట్‌కు (నరకణాలను ఉత్తేజపరిచేది), గాబాకు (అణిచేది) ఓపీఏ డెరివటైజేషన్ (ఓపీఏ రసాయనంతో కలిపి వెలిగేలా చేయడం), ఫ్లోరెసెన్స్.

డయాబెటిక్ రెటీనాలో డోపమైన్ తగ్గింది. స్ట్రయేటంలో తేడా లేదు. డోపాక్ విలువలు ఒకే గ్రూపులోనే చెల్లాచెదురుగా ఉన్నాయి. గ్లూటమేట్ మారలేదు గానీ గాబా మాత్రం డయాబెటిక్ గ్రూపులో బాగా పెరిగింది. గైడ్ గారు "ఎక్సైటోటాక్సిసిటీ అని రాయి" అంటున్నారు (అంటే గ్లూటమేట్ మితిమీరి నరకణాలు చావడం). గ్లూటమేట్ కదలకుండా అలా రాయడానికి మనసొప్పడం లేదు. ఏం సరిచూసుకోవాలి?

న్యూరోకెమ్_బెంచ్:
ముందు గాబా సంగతి చూద్దాం. అది తేలితే సగం చిక్కు విడుతుంది.

రక్తప్రసరణ ఆగాక కూడా గ్లూటమేట్ నుంచి గాబా తయారుచేసే ఎంజైమ్ (గ్యాడ్) కొంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. గాబాను విరగ్గొట్టే ట్రాన్సమినేజ్ దారి మాత్రం మైటోకాండ్రియా మీద ఆధారపడుతుంది కాబట్టి ఆక్సిజన్ లేకపోతే మందగిస్తుంది. అందుకే చనిపోయాక నిమిషాల్లోనే గాబా పెరిగిపోతుంది. ఇప్పుడు మీ డయాబెటిక్ కళ్లు గుర్తుచేసుకోండి. 8 వారాలకు చాలావాటిలో శుక్లం వచ్చి ఉంటుంది. లెన్స్ మెత్తబడి, చితికి, రెటీనాకు అంటుకుంటుంది. దాన్ని ఒలిచేసరికి కంట్రోల్ కంటికన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ అదనపు సమయమే గాబా రూపంలో కనిపిస్తుండొచ్చు. ప్రతి కంటికీ తల తీసిన క్షణం నుంచి ఫ్రీజ్ అయ్యేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టుకున్నారా? ఉంటే ఆ సెకన్లకు ఎదురుగా గాబా ప్లాట్ చేయండి. గ్రూపులతో సంబంధం లేకుండా ఒకే గీత మీదకు వస్తే అది డిసెక్షన్ ఆర్టిఫాక్టే.

రెటీనా త్వరగా తీయాలంటే కన్నును చుట్టూ కత్తిరించుకుంటూ కూర్చోకండి. కార్నియా మీద బ్లేడుతో అడ్డంగా ఒక గాటు పెట్టి, వంపు ఫోర్సెప్స్‌ను కనుగుడ్డు వెనక్కి పోనిచ్చి మెల్లగా నొక్కితే లెన్స్, దాని వెంటే రెటీనా బయటికి వస్తాయి. లెన్స్ పక్కకు తీసేసి, రెటీనాను ముందే తూచి డ్రై ఐస్‌లో పెట్టుకున్న ట్యూబులో వేయాలి. చెయ్యి తిరిగితే నిమిషం లోపు పని. మధ్యలో పీబీఎస్‌లో (ఉప్పు బఫర్‌లో) కడగొద్దు. డోపమైన్ కొంత బయటికి కారిపోతుంది, న్యూట్రల్ పీహెచ్‌లో కొంత ఆక్సిడైజ్ అవుతుంది.

ఇక మత్తు. జైలజిన్ ఆల్ఫా-2 రిసెప్టర్ల మీద పనిచేసి ఇన్సులిన్ విడుదలను అణిచేస్తుంది. దాంతో కంట్రోల్ ఎలుకల గ్లూకోజ్ కూడా పైకి పోతుంది. పైగా ఈ కాంబినేషన్‌తో ఎలుకల లెన్స్ తాత్కాలికంగా తెల్లబడుతుంది. దాన్ని డయాబెటిక్ శుక్లంగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. కార్బన్ డయాక్సైడ్ పెడితే చావుకు ముందే ఆక్సిజన్ కొరత మొదలవుతుంది. న్యూరోకెమిస్ట్రీకి మత్తు లేని గిలెటిన్ మేలు. కానీ దానికి సంస్థ ఎథిక్స్ కమిటీకి పెట్టే ఫారం-బీలోనే కారణం రాసి అనుమతి తీసుకోవాలి. ప్రయోగం అయ్యాక జోడిస్తామంటే కుదరదు.

రెటీనా_క్లాక్:
డోపాక్ చెదరడం గురించి. రెటీనా డోపమైన్ అమాక్రైన్ అనే నరకణాలది, దాన్ని నడిపేది వెలుతురు. లైటు పడితే తయారీ, విడుదల పెరుగుతాయి, డోపాక్ దాన్ని చూపిస్తుంది. చీకట్లో తగ్గుతుంది. ఉదయం పదింటికి తీసిన ఎలుక, సాయంత్రం అయిదింటికి తీసిన ఎలుక ఒకే గ్రూపులో ఉంటే ఆ చెదురు మీరే తెచ్చిపెట్టుకున్నారు.

యానిమల్ హౌస్‌లో ఆరింటికి లైట్లు వెలిగితే పది నుంచి పన్నెండు మధ్యలోనే అన్నీ తీయండి. కంట్రోల్ ఒకటి, డయాబెటిక్ ఒకటి, మార్చి మార్చి. "ఉదయం కంట్రోల్స్, భోజనం తర్వాత డయాబెటిక్స్" పద్ధతి ఎన్ని థీసిస్‌లను పాడుచేసిందో చెప్పలేం. ఒక రోజులో పూర్తికాకపోతే రెండో రోజు అదే రెండు గంటల్లో. పంజరం ఉన్న అర కూడా ముఖ్యం: విస్టార్లు ఆల్బినోలు కాబట్టి ట్యూబ్‌లైటుకు దగ్గరగా పై అరలో వారాల తరబడి ఉన్నవాటికి ఫోటోరిసెప్టర్లు దెబ్బతింటాయి. వారానికోసారి పంజరాల స్థానం మార్చాలి.

ఇందాక చెప్పిన శుక్లానికి ఇంకో కోణం ఉంది. లెన్స్ మూసుకుపోతే రెటీనా మీద పడే వెలుతురు తగ్గుతుంది, దాంతో డోపమైన్ టర్నోవర్ (తయారై, విడుదలై, విరిగే వేగం) తగ్గుతుంది. అంటే మీకు కనిపించిన తగ్గుదలలో కొంత భాగం లెన్స్ పుణ్యమే కావచ్చు. రెండు విధాలుగా విడదీయొచ్చు. శుక్లం ముదరకముందే, 4-5 వారాలకు ఒక గ్రూపు తీయండి. లేదా అన్నిటినీ రాత్రంతా చీకట్లో ఉంచి, మసక ఎర్ర లైటులో డిసెక్ట్ చేయండి. చీకట్లో కూడా తేడా నిలిస్తే లెన్స్ మీద నింద వేయలేం.

అయితే తగ్గుదల నిజమై ఉండే అవకాశం బాగానే ఉంది. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల రెటీనాలో డోపమైన్ వ్యవస్థ మారుతుందని 1980ల నుంచే తెలుసు. 2014లో టైప్-1 మోడల్లో డోపమైన్ లోటుకూ తొలిదశ చూపు లోపానికీ సంబంధం చూపించి, డోపమైన్‌గా మారే ఎల్-డోపాతో చూపు కొంత మెరుగుపడటం కూడా చూపారు. కారణాల్లో ఒకటి: డయాబెటిస్‌లో రక్తంలో వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. డోపమైన్‌కు ముడిసరుకైన టైరోసిన్ కూడా అదే ట్రాన్స్‌పోర్టర్ మీద లోపలికి వెళ్లాలి, పోటీలో వెనకబడుతుంది.

స్ట్రయేటంలో "తేడా లేదు" అని వదిలేయకండి. అక్కడ నిల్వ పెద్దది, తడి కణజాలం ఒక్క మిల్లీగ్రాముకే దాదాపు 10 నానోగ్రాముల డోపమైన్. తయారీ తగ్గినా నిల్వ చాలాకాలం కదలదు. డోపాక్-డోపమైన్ నిష్పత్తి చూడండి. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఎన్‌ఎస్‌డీ-1015 కిలోకి 100 మిల్లీగ్రాములు ఇచ్చి సరిగ్గా 30 నిమిషాలకు తీయండి. డోపాను డోపమైన్‌గా మార్చే డీకార్బాక్సిలేజ్ ఆగిపోతుంది, ఆ వ్యవధిలో పోగుపడిన డోపా ఎంతో అదే టైరోసిన్‌ను డోపాగా మార్చే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ పని. రెటీనా, స్ట్రయేటం రెండూ అదే సమయానికి తీయండి.

ఈసీడీ_మెకానిక్:
సమయం, వెలుతురు సరే. డిటెక్టర్ వైపు కూడా చూద్దాం, డోపాక్ చెదరడానికి అక్కడా కారణం ఉండొచ్చు.

ఎలుక రెటీనా పది పదిహేను మిల్లీగ్రాములే. 200 మైక్రోలీటర్ల చల్లటి 0.1 మోలార్ పర్‌క్లోరిక్ ఆసిడ్‌లో (0.1 మిల్లీమోలార్ ఈడీటీఏతో, మధ్యలో పోయినదాన్ని లెక్కించడానికి డీహెచ్‌బీఏ ఇంటర్నల్ స్టాండర్డ్ కలిపి) సోనికేట్ చేయండి. పల్స్ మూడు నాలుగు సెకన్లకు మించొద్దు, ట్యూబు ఐస్‌లోనే ఉండాలి. 4 డిగ్రీల్లో 15,000 జీ దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. సూపర్‌నేటెంట్‌ను 0.22 మైక్రాన్ ఫిల్టర్ చేసి 20 మైక్రోలీటర్లు ఇంజెక్ట్ చేయండి. పెల్లెట్ పారేయకండి, దాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి ప్రోటీన్ కొలవాలి. స్టాండర్డ్ కర్వ్ కూడా అదే హైడ్రాక్సైడ్‌లో. విలువలను ప్రోటీన్‌కూ, మొత్తం రెటీనాకూ రెండు రకాలుగా చూపించండి. డయాబెటిక్ రెటీనా పలచబడి ప్రోటీన్ తగ్గితే, ప్రోటీన్‌తో భాగించినప్పుడు నిజమైన తగ్గుదల దాక్కుంటుంది.

మొబైల్ ఫేజ్ మామూలే: ఫాస్ఫేట్ 75 మిల్లీమోలార్, ఆక్టేన్ సల్ఫోనేట్ 1.7 మిల్లీమోలార్, ఈడీటీఏ 25 మైక్రోమోలార్, అసిటోనైట్రైల్ 10 శాతం, పీహెచ్ 3. గ్లాసీ కార్బన్, 0.7 వోల్టుల దగ్గర. పీక్‌లు జరిగితే ఏది జరిగిందో చూడండి. డోపాక్, హెచ్‌వీఏ, 5-హెచ్‌ఐఏఏ (డోపమైన్, సెరటోనిన్ విరిగితే వచ్చేవి) ఆమ్లాలు. అవి మాత్రమే కదిలి డోపమైన్ ఉన్నచోటే ఉంటే పీహెచ్ మారింది. డోపమైన్, సెరటోనిన్ మాత్రమే కదిలితే అయాన్-పెయిర్ రీఏజెంట్ సంగతి. ఈ చిన్న తేడా పట్టుకోకుండా కాలమ్ మార్చేస్తుంటారు, డబ్బు దండగ. డోపాక్ పక్కనున్న పీక్ మీదకు జరిగి కలిసిపోతే సాఫ్ట్‌వేర్ రెంటినీ ఒకటిగా ఇంటిగ్రేట్ చేస్తుంది. చెదిరిన శాంపిళ్ల క్రొమటోగ్రామ్‌లు ఒక్కొక్కటీ కళ్లతో చూడండి. ఒకదాంట్లో డోపాక్ స్పైక్ చేసి మళ్లీ నడిపితే అనుమానం తీరుతుంది.

ఓపీఏ వైపు సాధారణ పొరపాటు ఒకటుంది. రియాక్షన్‌కు క్షారం కావాలి, మీ శాంపిల్ పర్‌క్లోరిక్ ఆసిడ్‌లో ఉంది. బోరేట్ బఫర్ సరిపోకపోతే డెరివటైజేషన్ సగంలోనే ఆగుతుంది. కలిపాక పీహెచ్ 9.5 పైన ఉందో లేదో పట్టీతోనైనా చూడండి. మెర్‌కాప్టోఎథనాల్‌తో చేసిన గాబా డెరివేటివ్ నిమిషాల్లో చెడిపోతుంది. చేత్తో కలిపి వరసగా పెట్టేస్తే ఆఖరి శాంపిల్‌కు గాబా తక్కువ వస్తుంది. ఆటోశాంప్లర్‌తో ప్రతిదానికీ సరిగ్గా 2 నిమిషాలు ఇవ్వండి.

ఫార్మకాలజీ_స్కాలర్:
సెకన్లు రాయలేదు, కానీ డిసెక్షన్ క్రమం రిజిస్టర్లో ఉంది. డయాబెటిక్స్ అన్నీ ఆఖర్లోనే. ఈసారి మార్చి మార్చి తీస్తాను. గ్లూటమేట్ గురించి కూడా చెప్పండి. విట్రియస్‌లో (కంటి లోపలి జెల్లో) కొలిస్తే తేలుతుందంటున్నారు గైడ్ గారు.

వెట్_ఆప్తాల్:
విట్రియస్ జోలికి వెళ్లేముందు గ్లాకోమా చరిత్ర చూడండి. 1996లో గ్లాకోమా ఉన్న మనుషుల, కోతుల విట్రియస్‌లో గ్లూటమేట్ పెరిగిందని వచ్చింది. మరుసటి ఏడాది కుక్కల్లోనూ అదే అన్నారు. తర్వాత కోతుల్లో, మనుషుల్లో వేరేవాళ్లు కొలిస్తే ఆ పెరుగుదల కనిపించలేదు. ఈ ఆలోచన మీద నడిచిన మెమాంటిన్ (గ్లూటమేట్ ప్రభావాన్ని అడ్డుకునే మందు) పెద్ద ట్రయల్స్ రెండూ విఫలమయ్యాయి, ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. కుక్క గ్లాకోమా రెటీనాలో ఇమ్యునోస్టెయినింగ్ చేస్తే దెబ్బతిన్న చోట్ల కణాల్లోంచి గ్లూటమేట్ ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. అంటే ఆ చోట కణాల నుంచి అది బయటికి పోయిందన్నమాట. విట్రియస్‌లో ఒక అంకె చూసి ఇది తెలుసుకోలేం.

గ్లూటమేట్ అధికంగా ఉంటే రెటీనా చస్తుందనడంలో సందేహం లేదు. పసి చిట్టెలుకలకు చర్మం కింద ఇస్తే లోపలి పొరలు నాశనమవుతాయని 1957లోనే చూపారు. సమస్య కొలతలో ఉంది. గ్లూటమేట్ కణాల లోపల మిల్లీమోలార్లలో, బయట మైక్రోమోలార్లలో ఉంటుంది. రెటీనా మొత్తం నూరితే లోపలి నిల్వే కొలుస్తారు. బయట పదింతలైనా మీ అంకె కదలదు. ఎలుక కంట్లో విట్రియస్ కొన్ని పదుల మైక్రోలీటర్లే. ఒక చుక్క రక్తం కలిస్తే, శుక్లం లెన్స్ చితికితే ఆ విలువకు అర్థం లేదు.

మీరు చూడాల్సింది ముల్లర్ కణాలు (రెటీనాలోని సహాయక కణాలు). గ్లూటమేట్‌ను లోపలికి లాక్కునే గ్లాస్ట్, దాన్ని గ్లుటమిన్‌గా మార్చే గ్లుటమిన్ సింథటేజ్. డయాబెటిక్ ఎలుకల్లో ముల్లర్ కణాల ట్రాన్స్‌పోర్టర్ పని తగ్గుతుందనీ, గ్లుటమిన్‌గా మార్పు మందగిస్తుందనీ ఇప్పటికే వచ్చింది. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఎంతుందో చూసే పరీక్ష) ఒక్కటి సరిపోదు, ప్రోటీన్ ఉండి కూడా పని తగ్గొచ్చు. తాజా రెటీనాలో గ్లూటమేట్ దారినే కణాల్లోకి వెళ్లే, ట్రిటియంతో గుర్తుపెట్టిన డి-ఆస్పార్టేట్ అప్‌టేక్ చేయండి, సోడియం లేని బఫర్‌తో బ్లాంక్ పెట్టుకుని. అదే ఓపీఏ రన్‌లో గ్లుటమిన్ పీక్ కూడా వస్తుంది కాబట్టి గ్లూటమేట్-గ్లుటమిన్ నిష్పత్తి అదనపు ఖర్చు లేకుండా దొరుకుతుంది. మీ పాత క్రొమటోగ్రామ్‌లలో ఆ పీక్ ఇప్పటికే ఉండి ఉంటుంది, తెరిచి చూడండి.

ఇన్సులిన్ ఇచ్చిన డయాబెటిక్ గ్రూపు కూడా కలపండి. అది లేకుండా ఏ మార్పు చూపినా స్ట్రెప్టోజోటోసిన్ విషప్రభావం కాదని నిరూపించలేరు. పేపరుకు రివ్యూయర్ మొదట అడిగేది అదే.

ఫార్మకాలజీ_స్కాలర్:
పాత రన్లలో గ్లుటమిన్ పీక్ ఉంది, ఇంటిగ్రేట్ చేయనే లేదు. ఎక్సైటోటాక్సిసిటీ అనే మాట డ్రాఫ్టులోంచి తీసేసి, ముందు గ్లుటమిన్ లెక్క చూస్తాను. ఇన్సులిన్ గ్రూపుకు ఎథిక్స్ సవరణ పెడుతున్నా.

వెట్_ఆప్తాల్:
సవరణలో గిలెటిన్, ఎన్‌ఎస్‌డీ-1015 కూడా ఒకేసారి రాసేయండి. మూడుసార్లు కమిటీ ముందుకు వెళ్లడం కన్నా అది నయం.