గెట్ అనే క్రియ, మన ‘-ఇంచు’, ‘-పోవు’

నిఘంటువు తెరిస్తే ఇంగ్లిష్ క్రియ గెట్‌కి పేజీ నిండా అర్థాలున్నాయి, అన్నీ బట్టీ పట్టాలా అని ఇక్కడొకరు అడిగారు. అక్కర్లేదండీ. దాని తర్వాత ఏ మాట వస్తోందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

నామవాచకం వస్తే దొరకడం, అందడం: గెట్ ఎ జాబ్. విశేషణం వస్తే మారడం: ఇట్స్ గెటింగ్ డార్క్, చీకటి పడుతోంది. ఇవి అందరికీ వచ్చినవే.

మనవాళ్లు తడబడేది చేయించడం దగ్గర. సెలూన్ నుంచి వచ్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటారు. తన జుట్టు తనే కత్తిరించుకున్నాడని దానర్థం. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. బండి బాగుచేశాను, బండి బాగుచేయించాను అన్నవి వేరని తెలుగులో చిన్నపిల్లలకీ తెలుసు. ఆ ‘-ఇంచు’ చేసే పనే ఇక్కడ గెట్‌ది. మధ్యలో వస్తువు, చివర క్రియ మూడో రూపం: గాట్ మై బైక్ రిపేర్డ్.

మనిషిచేత చేయిస్తే మాత్రం ‘టు’ కావాలి: ఐ గాట్ హిమ్ టు కమ్. అదే మేక్‌కి ‘టు’ ఉండదు: ఐ మేడ్ హిమ్ కమ్. మనకి రెండూ ‘రప్పించాను’లే. కానీ గాట్‌లో నచ్చజెప్పడమో బతిమాలడమో ఉంటుంది, మేడ్‌లో ఒత్తిడి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గాట్ కాట్, గాట్ లాస్ట్, గాట్ స్టక్, గాట్ వెట్ వరస. దొరికిపోయాడు, తప్పిపోయాడు, ఇరుక్కుపోయాడు, తడిసిపోయాడు. అన్నిటా ‘-పోవు’! తన ప్రమేయం లేకుండా జరిగిపోయిందన్న ఛాయ రెండు భాషల్లోనూ ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ‘వాజ్ కాట్’ అన్నా తప్పు కాదు, కాస్త పేపర్ వార్తలా వినిపిస్తుంది, అంతే. అన్నిచోట్లా ఈ లెక్క పనిచేయదు. గాట్ మ్యారీడ్ అంటే పెళ్లయిందనే. దాని తర్వాత ‘విత్’ కాదు, ‘టు’ రావాలి.

గెట్ అనే మాట స్కాండినేవియా సముద్రయోధులైన వైకింగుల పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి వచ్చింది. ఫర్‌గెట్‌లో ఉన్నది కూడా దాని చుట్టమే.

గెట్ మూడో రూపంగా అమెరికాలో వాడే గాటెన్ గురించి కూడా అడిగారు. అమెరికాలో ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉంది, ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే సంపాదించుకున్నాను. బ్రిటన్‌లో సాధారణంగా రెండింటికీ గాటే. మన పాఠ్యపుస్తకాలది ఎక్కువగా బ్రిటిష్ పద్ధతి కాబట్టి పరీక్షల్లో గాట్ రాయడమే మంచిది.