నకగుసుకు కోట గోడల కాలం రాళ్ల పేర్పును బట్టి తేల్చవచ్చా?

జపాన్‌లోని ఒకినావా కోటల రాతిపని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నకగుసుకులో దక్షిణపు ఆవరణది నోజురాజుమి, అంటే చెక్కని రాళ్లను ఉన్నవి ఉన్నట్టే పేర్చడం. ఒకటో, రెండో ఆవరణలు నునోజుమి, దీర్ఘచతురస్రపు రాళ్ల వరుసలు. మూడో ఆవరణ, బావిని లోపలికి కలుపుకున్న ఉత్తరపు గోడ మాత్రం ఐకతాజుమి: పలుకోణాలుగా చెక్కి, తాబేటి చిప్ప మీది గళ్లలా ఒకదానికొకటి ఇమిడేలా కూర్చారు.

ఈ చివరి రెండూ 1440 ప్రాంతంలో జకిమి కోట నుంచి వచ్చిన గొసమారు అనే అధిపతి కట్టించాడంటారు. 1458లో అమవారి (మన అమ్మవారు కాదు, కత్సురెన్ కోట అధిపతి) దాడిలో ఆయన చనిపోయాడు. అంటే పనికి ఇరవై ఏళ్లయినా లేవు.

మరి పేర్పు తీరు కాలాన్ని చెబుతుందా, గోడ అవసరాన్నా? రంగును నమ్మలేం. ర్యూక్యూ (ఒకినావా ప్రాంతపు) సున్నపురాయి కోసినప్పుడు తెల్లగా ఉన్నా ఎండావానలకు నల్లబడుతుంది, కొన్నేళ్లకు మరమ్మతు రాయి కూడా పాతదానిలో కలిసిపోతుంది. నమ్మదగింది అతుకే: ఒక గోడ మరోదానికి ఆనుకుని ఉంటే, ఆనుకున్నదే తర్వాతది. రెండో, మూడో ఆవరణలు కలిసే మూలలో నిలువు అతుకు తిన్నగా ఉందా, రాళ్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్నాయా? దగ్గరగా చూసినవాళ్లెవరైనా ఉన్నారా?