కోటల్లో చుట్టు మెట్లు శత్రువుని ఆపడానికేనా?

యూకేలో_మనోడు: వచ్చే వీకెండ్ రాచెస్టర్ కోటకి వెళ్తున్నాం. ఇంగ్లండ్ కోటల్లో చుట్టు మెట్లు గడియారం ముల్లు తిరిగే వైపే ఎక్కుతాయని, కింది నుంచి వచ్చేవాడి కుడిచేతికి నడిమి స్తంభం అడ్డమొచ్చి కత్తి తిప్పలేడని ప్రతి రీల్‌లోనూ చెప్తున్నారు. నిజమేనా?

బురుజు_బాబాయ్: వినడానికి బాగుంటుంది గానీ నేను నమ్మను. ఎడమవైపు తిరిగే మెట్లున్న కోటలూ ఉన్నాయి. అయినా శత్రువు మెట్లదాకా వచ్చేశాడంటే ఇంకేం మిగిలింది? వాళ్ల తంటాలన్నీ వాణ్ణి గోడ దగ్గరికి రానివ్వకుండా ఉండటానికే. మీరు మెట్లు వదిలేసి బురుజులు చూడండి. మూడు మూలలు పలకగా ఉంటాయి, ఆగ్నేయం మూల ఒక్కటే గుండ్రం. 1215లో తిరుగుబాటుదారులు ఈ కోట పట్టుకుని కూర్చుంటే జాన్ రాజు రాళ్లు విసిరే యంత్రాలతో కొట్టించాడు, 11 అడుగుల పైచిలుకు మందం గోడ, దానికేం కాలేదు. దాంతో ఆ మూల కింద సొరంగం తవ్వించి, పైనుంచి కూలకుండా దుంగలు నిలబెట్టించి, తినడానికి అంతగా పనికిరాని బలిసిన పందుల్ని 40 పంపమని ఉత్తరం రాశాడు. ఆ కొవ్వుతో దుంగలు అంటుకునేసరికి మూల మొత్తం కూలింది. తర్వాత కట్టినప్పుడు గుండ్రంగా కట్టారు. పలక మూలని కింద తవ్వితే తేలిగ్గా ఊడొస్తుంది, పైగా దాని ముందు నక్కినవాడు పైనున్న విలుకాడికి సరిగ్గా కనపడడు.

హైదరాబాదీ_పోరడు: గోల్కొండలో బాలాహిసార్ దర్వాజా ముందున్న అడ్డగోడ కూడా ఇట్లాంటిదే అన్నా, ఏనుగు ఉరికొచ్చి తలుపుని గుద్దేందుకు జాగా లేకుండా కట్టిండ్రు. అంత చేసినా 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, డబ్బు తిన్న లోపలోడే ఔరంగజేబు మనుషులకు తలుపు తీసిండు.

యూకేలో_మనోడు: పందుల సంగతి మా పిల్లలకి చెప్పాల్సిందే! మరి మూల కూలగానే లొంగిపోయారా?

బురుజు_బాబాయ్: అబ్బే, లేదండీ. ఆ కట్టడం మధ్యలో అడ్డంగా ఇంకో గోడ ఉంది, దాని వెనక్కి వెళ్లి మళ్లీ పోరాడారు. బావి ఆ అడ్డగోడలోనే ఉంటుంది, ఏ అంతస్తు నుంచైనా నీళ్లు తోడుకోవచ్చు, అది తప్పకుండా చూడండి. తిండే అయిపోయింది, గుర్రాల్ని కూడా కోసుకు తిన్నారు. నవంబరు 30న లొంగిపోయారు.