కోట గైడ్లు చెప్పే కట్టుకథలు: విని ఊరుకోవాలా, అడ్డుకోవాలా?

రాతిగోడ:
యూరప్‌లో ఏ మధ్యయుగపు కోటకెళ్లినా చుట్టు మెట్ల దగ్గర ఇదే కథ. ఎక్కేటప్పుడు మెట్లు కుడివైపుకే తిరుగుతాయట. కిందనుంచి ఎక్కే శత్రువు కుడిచేతి కత్తి లోపలివైపు గోడకు తగులుతుందట, పైనున్న సైనికుడికి మాత్రం చెయ్యి ఆడుతుందట. దీనికి ఆ కాలపు రాతల్లో ఎక్కడా ఆధారం లేదు. 20వ శతాబ్దం మొదట్లో థియోడర్ కుక్ అనే ఆయన రాతలతో ఊపందుకున్న ఊహ ఇది. మొన్న ఒక కోటలో ఈ మాటే అడిగితే, గైడ్ "సార్‌కి అన్నీ తెలుసు, మైకు ఆయనకే ఇచ్చేద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఇలాంటప్పుడు నోరు మూసుకోవాలా?

పిల్లల తండ్రి:
మూసుకోవాలి. మీ వెనక మెట్ల మీద జనం నిలబడి ఉంటారు.

సంచారి:
నేను కొన్నేళ్లు టూర్ గ్రూపులను తిప్పాను కాబట్టి చెబుతున్నా. కోట దగ్గరికొచ్చేసరికి సగం మంది కాళ్లు నొప్పులని కూర్చుంటారు. మీరు రాజుల పేర్లు మొదలెట్టండి, మిగతా సగం ఫోన్లు తీస్తారు. అదే ఈ మెట్ల కథ చెప్పండి, ఒక్కొక్కరూ చెయ్యెత్తి లేని కత్తి ఊపుతారు. మోచెయ్యి రాయికి తగిలి "అబ్బా" అంటారు. ఆ గోడను వాళ్లు ముట్టుకునేది అప్పుడే. ఆ కాస్త సరదాను కూడా చెడగొడతారా?

రాతిగోడ:
సరదాకి అబద్ధమే కావాలా? ఇంగ్లండ్‌లో రోచెస్టర్ కోట చూడండి. 1215లో జాన్ రాజు ముట్టడించాడు. మూల బురుజు కింద సొరంగం తవ్వించి, కర్రలతో నిలబెట్టి, నిప్పు పెట్టడానికి 40 పందుల కొవ్వు తెప్పించాడు. బురుజు కూలింది. లోపలివాళ్లు మధ్యగోడ వెనక్కి జరిగి ఇంకా పోరాడారు, చివరికి ఆకలికి లొంగారు. ఆ మూలను తర్వాత గుండ్రంగా కట్టారు. మిగతా మూడు మూలలూ నలుచదరమే. బయట నిలబడితే చిన్నపిల్లాడికైనా తేడా కనిపిస్తుంది. ఇంతకంటే మంచి కథ ఎవరు కల్పించగలరు? అక్కడ గెలిపించింది సొరంగమూ ఆకలీ, మెట్ల మీద కత్తి కాదు.

కందిరీగ:
మరి గోడమీంచి పోసే సలసల కాగే నూనె? అదీ ఉత్తదేనా?

రాతిగోడ:
నూనె ఖరీదైన సరుకు. ఎక్కువగా రాళ్లూ, వేడినీళ్లూ, కాల్చిన ఇసుకే.

సంచారి:
రోచెస్టర్ సంగతి తర్వాత. ఎడమవైపు తిరిగే మెట్లు ఎన్ని ఉన్నాయి? అది చెప్పండి ముందు.

రాతిగోడ:
ఒక్క ఇంగ్లండ్, వేల్స్ కోటల్లోనే పదుల సంఖ్యలో.

సంచారి:
అంటే ఎక్కువ కుడివైపే! నేను చెప్పేదీ అదే.

రాతిగోడ:
ఎక్కువ ఉండటం వేరు, ఎందుకు ఉన్నాయన్నది వేరు. ఇంత చిన్న తేడా కూడా పట్టని మనిషి వెనకా జనం తిరిగింది!

సంచారి:
ఆ గైడ్ మీ పరువు తీశాడని ఆ కక్ష మా అందరి మీదా తీర్చుకుంటున్నారు. ఒక్కరోజు ఎండలో మైకు పట్టుకుని అరిచి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

రాతిగోడ:
టిప్పుల కోసం చరిత్రను అమ్ముకునేవాళ్లతో నాకేం మాటలు.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంకొక్క మాట జారితే చర్చ మూసేస్తాను.

నీలిమేఘం:
ఇంతసేపూ కత్తి ఏ చేతిలో ఉందన్నదే గొడవ. కత్తి లేనివాళ్ల మాటేమిటి? ఫ్రాన్స్‌లో సేన్ నది ఒడ్డున శాతో గయార్ ఉంది. ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ 1196–98 మధ్య కట్టించాడు. 1203లో ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ముట్టడించినప్పుడు చుట్టుపక్కల జనం కోటలో తలదాచుకున్నారు. తిండి సరిపోదని కోట అధికారి వాళ్లను బయటకు పంపేశాడు. మొదట వెళ్లినవాళ్లను ఫ్రెంచి సైన్యం పోనిచ్చింది, తర్వాత దారి మూసేసింది. వెనక్కి వస్తే కోట తలుపు తియ్యలేదు. చలికాలంలో గోడకూ సైన్యానికీ మధ్య చిక్కుకుని ఎందరో ఆకలితో చచ్చిపోయారు. బతికిన కొద్దిమందిని ఫిలిప్ చివర్లో వదిలేశాడు. 1204 మార్చిలో కోట పడింది. ఇప్పుడా కోట పేరెత్తితే మరుగుదొడ్డి గొట్టంలోంచి సైనికులు పాక్కుంటూ ఎక్కారన్న కథే చెప్తారు, అది కూడా అనుమానమే.

సంచారి:
అక్కడ ఆ ఆకలి చావుల గురించి నేను చెప్పాను కూడా. ఒకావిడ "పిల్లలున్నారు, ఆపండి" అంది. తర్వాత మా ఆఫీసులో నాకే చివాట్లు. అప్పట్నుంచి మానేశాను.

రాతిగోడ:
అలా చెప్పండి! ఇంతసేపూ మెట్లు మెట్లు అంటారేం? మీరు వద్దనేది నిజాన్ని కాదు, బాధపెట్టే నిజాన్ని.

సంచారి:
అవును, అదే. సెలవు పెట్టి, డబ్బు కట్టి వచ్చినవాళ్లను ఏడిపించే హక్కు నాకు లేదు. చరిత్ర నేర్చుకోవాలనుకునేవాళ్లు పుస్తకం కొనుక్కుంటారు.

రాతిగోడ:
వందల మంది పుస్తకం కొనరు, మీ నోటితో విన్నదే వాళ్లకు చరిత్ర. జనం చచ్చిన వాలు మీదే నిలబెట్టి ఫోటోలు తీయిస్తూ ఆ ఒక్క మాట మింగేయడం మర్యాదా?

నీలిమేఘం:
సంచారి గారూ, ఆ ఒకావిడ ఆపమంది సరే. మిగతావాళ్లు?

సంచారి:
ఒక పెద్దాయన మాత్రం కిందికి దిగేదాకా నా పక్కనే నడిచి, ఆ కోట అధికారి పేరు అడిగాడు. రోజర్ డి లేసీ అని చెప్పాను. ఆ ఒక్కడి కోసం గ్రూపంతటినీ ఏడిపించమంటారా?

రాతిగోడ:
అంటాను.