రాత్రి పదకొండైనా గోడలు చల్లబడటం లేదు, మీరంతా ఏం చేస్తున్నారు?

బరంపురం_బాబు:
రోడ్డు వెడల్పు చేస్తామని మా వీధిలో వేపచెట్లన్నీ కొట్టేశారు. మాది మేడ మీద రేకుల గది, రాత్రి పదకొండుకి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా సెగ తగులుతోంది. నాన్నకి బీపీ, నీళ్ల బిళ్ల వాడతారు. నిద్ర పట్టడం లేదు, పొద్దున లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. గదికి ఏం చేయాలి, బిళ్లల సంగతేంటి, చెట్ల గురించి ఎవరిని అడగాలి?

చాందా_మేస్త్రి:
అక్కడ 38, 39 ఉంటుందేమో. మా చంద్రపూర్‌లో మే నెలంటే 45 మామూలే. కిటికీకి కూలర్ బిగించు, పడుకో. ఇళ్లు కట్టే పనిలో తల నెరిసింది నాకు, చెప్పింది విను.

గోపాల్‌పూర్_రోడ్:
అన్నా, అంకె చూసి మాట్లాడకండి. మాది సముద్రం పక్క ఊరు, చెమట ఆరదు, అది ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. కూలర్ పెడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అందుకే వాతావరణ శాఖ కూడా వడగాలి లెక్క మైదానాలకి 40 నుంచి, తీరానికి 37 నుంచి చూస్తుంది.

చాందా_మేస్త్రి:
37కే వడగాలా? మాకది చల్లటి రోజు. బొగ్గు గనులు, థర్మల్ పొగ మధ్య బతికేవాళ్లం, మాకు చెబుతున్నారా ఎండ గురించి?

గోపాల్‌పూర్_రోడ్:
1998లో ఒడిశాలో ఎండదెబ్బకి ప్రభుత్వ లెక్కల్లోనే 2,042 మంది పోయారు. మా పెదనాన్న పోయింది కూడా ఆ ఏడాదే. చల్లటి రోజు అనే మాట ఇంకోసారి అనకండి.

బల్లార్షా_లక్ష్మి:
కూలర్ పెట్టేవాళ్లు వారానికోసారి నీళ్లు పూర్తిగా వంచేసి, తొట్టి లోపల పీచుతో రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు గోడకి అంటుకునే ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు. పక్కింటివాళ్లు ఎంత చెప్పినా వినలేదు, మా పాప ఆసుపత్రి పాలైంది. ఆ కోపం నాకింకా పోలేదు.

పర్లాకిమిడి_మాస్టారు:
చెట్ల మాట ఎవరికీ పట్టలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను కూల్చినవి పోగా మిగిలినవి ఇలా రోడ్లకి పోతున్నాయి. నీడ లేని తారు, సిమెంటు పగలంతా వేడి తాగి రాత్రి వదులుతాయి. వీధివాళ్లంతా సంతకాలు పెట్టి కానుగ, వేప నాటమని కార్పొరేషన్‌కి కాగితం ఇవ్వండి. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క తెస్తే మాత్రం ఒప్పుకోకండి, గుజరాత్ 2023లోనే దాన్ని నిషేధించింది.

రాయగడ_సిస్టర్:
ముందు నాన్నగారిని చూడండయ్యా! నీళ్ల బిళ్ల ఒంట్లో నీటినీ ఉప్పునీ బయటికి పంపుతుంది, ఎండాకాలంలో డోసు మార్చాల్సి రావచ్చు. సొంతంగా ఆపేయొద్దు. కూర్చున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూపించి డాక్టర్‌ని అడగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, మనిషిని గుర్తుపట్టకపోతే అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒళ్లంతా తడుపుతూ విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

బరంపురం_బాబు:
రేపే తీసుకెళ్తానక్కా. మరి రేకులకి?

చాందా_మేస్త్రి:
దుమ్ము కడిగి తెల్ల సున్నం రెండు పూతలు కొట్టించు. సిమెంటు రేకైతే దాని మీద కాలు పెట్టొద్దు, పగులుతుంది, పలక వేసుకుని ఎక్కాలి. కింద వెదురు తడక కట్టి మధ్యలో గాలి ఆడేలా జానెడు ఖాళీ వదులు. కూలర్ సంగతి మాత్రం నేనొప్పుకోను.

గోపాల్‌పూర్_రోడ్:
జూన్‌లో మా ఇంటికి రండి, కూలర్ కూడా తెచ్చుకోండి.

బల్లార్షా_లక్ష్మి:
మేస్త్రి గారూ, స్లాబుకైనా ఆ సున్నమేనా? వానకి కొట్టుకుపోదా?